పిండి తినే కొర్రమట్ట

మా అత్తగారింట్లో చేపను నోట పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. వంటింట్లోకి ఉల్లిగడ్డ రావాలన్నా వారం చూసుకుని రావాలి. అలాంటి ఇంటి మగవాళ్ళు చేపల స్వభావాల మీద కూడా అధికారంగా మాట్లాడగలరని, నేను చేవెళ్ళకు కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకుగాని తెలియలేదు. అంతకు ముందు వాళ్ళు అధికారంగా మాట్లాడేది ఆముదాల ధరల గురించి, ఆడవాళ్ళ చదువుల గురించి. ఆముదాల గురించి వాళ్ళకు నిజంగానే తెలుసు.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క, బస్సులు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టుకుని పట్నం నుంచి మొయినాబాదు మీదుగా ఆయాసపడుతూ వస్తున్నాయి. ఒకరోజు అలాంటి బస్సు మీది నుంచి వరిగడ్డిలో చుట్టిన పెద్ద గాజుపెట్టె ఒకటి మా ఇంటి ముందు దిగింది. తెప్పించింది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు, ఇంటికీ దుకాణానికీ ఆయనే పెద్ద. అంతకు ముందు నెల ఏదో బేరం మీద పట్నంలో ఒక నవాబుగారి దేవిడీకి వెళ్ళి, ఆ బంగళాలో చాలాసేపు కూర్చున్నారట. ఎవరూ పలకరించలేదు. ఎదురుగా గాజుపెట్టెలో ఎర్ర చేపలు తిరుగుతుంటే వాటినే చూస్తూ కూర్చుని, బేరం కుదరకుండానే తిరిగి వచ్చారు. నవాబుతో సమానం కావడానికి ఆయనకు దొరికిన దగ్గర దారి ఆ పెట్టె.

దాన్ని దలాన్‌లో, బయటివాళ్ళు వచ్చి కూర్చునే ఆ ముందు వసారాలో, వీధిలో పోయేవాళ్ళకు కూడా కనిపించేటట్టు బల్ల మీద పెట్టించారు. నీసు వాసన తన గడప దాటడానికి వీల్లేదని మా అత్తగారు బల్ల చుట్టూ ముగ్గుతో గీత గీసింది. చేపలు గీత దాటవని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మటుకు వమ్ము కాలేదు.

నాకు ఆ పెట్టెతో పని లేకపోవలసింది. కానీ ఈ ఏడాదే మా పాపకు విషజ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోయింది కానీ పోతూ పోతూ దాని ఆకలిని కూడా పట్టుకుపోయింది. రెండేళ్ళు దాటిన పిల్ల, అన్నం గిన్నె చూస్తే మూతి తిప్పుకునేది. నూనె రాస్తుంటే పక్కటెముకలు నా వేళ్ళకు ఒక్కొక్కటే తగిలేవి. పట్నం దవాఖానలో డాక్టరమ్మ నాకు చెప్పింది ఒక్కటే, ఎట్లాగైనా తినిపించమని. ఎట్లాగో చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం చాలా చెప్పారు. దిష్టి అన్నారు, నా పాలు మంచివి కావన్నారు, కడుపుతో ఉన్నప్పుడు నేను పుస్తకాలు చదివినందుకు పిల్లకు నోరు కట్టుకుపోయిందన్నారు. ఎవరూ ఒక్క ముద్ద తినిపించలేకపోయారు.

అప్పుడు పట్నం నుంచి కుండలో నాలుగు ఎర్ర చేపలు వచ్చాయి. బొటనవేలంత ఉంటాయేమో. పెట్టెలో వదిలిన పూట నేను పాపను చంకన వేసుకుని తలుపు పక్క నుంచి చూపించాను. ఒక చేప గాజు దగ్గరకు వచ్చి, ఏమీ లేని నీటిని తింటున్నట్టు నోరు తెరిచి మూసింది. దాన్ని చూసి మా పాప నోరు తెరిచింది. చేతిలో పెరుగన్నం గిన్నె ఉన్నది. ముద్ద పెట్టాను. మింగింది. చేప మళ్ళీ తెరిచింది, ఇది మళ్ళీ తెరిచింది. ఆ పూట సగం గిన్నె ఖాళీ అయింది. నేను వంటింట్లోకి పోయి, ఎవరూ చూడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆ రోజు నుంచి బావగారు దుకాణానికి పోగానే పాపను పెట్టె ముందు పీట మీద కూర్చోబెట్టి తినిపించేదాన్ని. బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది. ఆ నాలుగు ఎర్ర చేపలు నాకు ఇంట్లో మనుషులందరి కంటె ఎక్కువైపోయాయి. ఇప్పుడు ఇది రాస్తూ రాస్తూ కూడా లేచి వెళ్ళి పిల్ల నుదురు తాకి చూసి వచ్చాను. జ్వరం వచ్చిపోయిన ఇంట్లో తల్లికి ఆ అలవాటు పోదు.

అంతటితో ఆగితే బాగుండేది. మొయినాబాదు నుంచి ఒక పల్లీల వ్యాపారి వచ్చేవాడు, బావగారికి స్నేహితుడు. బావగారు ఏది కొన్నా అందులో లోపం వెతికి చూపించడమే ఆ స్నేహం. వచ్చి, పెట్టె ముందు చేతులు వెనక్కు కట్టుకుని నిలబడి, నింపాదిగా అన్నాడు.

"గింత పెద్ద పెట్టెల నాలుగు చేపలేంది సేటూ? పెండ్లిపందిట్ల నలుగురే కూసున్నట్టున్నది."

ఆ మాట బావగారికి రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు. మూడో రోజు దలాన్‌లో సభ జరిగింది. బావగారు, మా ఆయన, దుకాణం గుమాస్తా, ఆ పల్లీల పెద్దమనిషి. అందులో ఎవరూ చేపను చేత్తో పట్టినవాళ్ళు కారు. పెట్టె నిండాలి, పెద్ద చేప ఒకటైనా ఉండాలి, రంగురంగులుగా ఉండాలి అని తీర్మానించారు. ఏ చేప ఏ చేపతో కలిసి ఉండగలదన్న ప్రశ్న రానేలేదు. వచ్చిన ప్రశ్న ఒక్కటే, మాంసం తినే చేపను ఇంట్లో పెట్టుకోవచ్చునా అని. మా అత్తగారు లోపలి నుంచే కూడదన్నది. బావగారు తీర్పు చెప్పారు.

"మన ఇంట్ల ఉండేది ఏదైనా మన తిండే తినాలె. కోడండ్లకు లేని మినహాయింపు చేపలకెందుకు?"

అందుకని పరీక్ష పెట్టారు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. వచ్చిన ప్రతి చేపనూ ముందు పెరట్లో ఇత్తడి గంగాళంలో ఒంటరిగా ఉంచాలి. బియ్యప్పిండి ఉండలు తప్ప ఏమీ వేయకూడదు. ఉండ తిన్న చేప శాకాహారి, పెట్టెలోకి పోవచ్చు. తినని చేప మాంసాహారి, తిరిగి చెరువుకు పోవాలి. ఊళ్ళో జనం రేషను బియ్యం కోసం నిలబడుతున్న రోజుల్లో మా పెరట్లో బియ్యప్పిండితో చేపల కులం తేల్చారు.

చేపలు తెచ్చేవాడు గండిపేట వైపు మనిషి. కావడికి రెండు కుండలు కట్టుకుని మొయినాబాదు రోడ్డు మీద నడిచి వచ్చేవాడు. సేటుకు ఏ మాట కావాలో వాడు మొదటి రోజే పసిగట్టాడు. ఏ చేపను చూపించి అడిగినా ఒకటే జవాబు.

"పిండి తింటది సేటూ. పాపం, దీనికి గదే పాణం."

మొదట పరకలు వచ్చాయి. వేలెడంత వెండి చేపలు. పిండి వేయగానే మీద పడి తిన్నాయి. వాటిని పెట్టెలో వేస్తే, ఎర్ర చేపల తోకలు కొరకడం మొదలుపెట్టాయి. తోకలు కాస్త చిరిగినా మళ్ళీ పెరుగుతాయని సర్దుకున్నాను. తర్వాత మీసాల జెల్ల పిల్ల ఒకటి వచ్చింది. పాపం అది వెలుతురుకు భయపడి గంగాళం అడుగున నక్కింది. దాని నోరు చిన్నది, కిందికి తిరిగి ఉన్నది, అడుగున ఏరుకు తినే నోరు. పగలంతా కదలలేదు, పిండి ముట్టలేదు. పరీక్ష తప్పింది. దుష్టజాతి అని తేల్చి వెనక్కు పంపారు. పెట్టెలో ఎవరి జోలికీ పోకుండా బతికేది బహుశా అదొక్కటే.

ఆ తర్వాత వచ్చింది కొర్రమట్ట. జానెడు పొడుగు, పాము తల, నల్లటి ఒళ్ళు.

నేను కాలేజీలో చదివింది గొప్ప చదువని చెప్పను. స్పిరిటు సీసాల్లో ముడుచుకుపోయిన చేపలను చూపించి, నోరు చూడండి, పళ్ళు చూడండి, అది ఎలా బతుకుతుందో తెలుస్తుంది అని చెప్పేవాళ్ళు. అంతే నాకు తెలిసింది. ఒకే నీళ్ళలో కలిసి ఉండవలసినవి ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండాలి, ఒకదాని నోట్లో ఇంకొకటి పట్టకూడదు. దీనికి కాలేజీ కూడా అక్కరలేదు. కళ్ళు ఉంటే చాలు. కానీ మా ఇంట్లో కళ్ళున్నది ఎవరికి అన్నదాన్ని బట్టి చూసినదాని విలువ మారుతుంది.

ఇంకో చిక్కు ఉన్నది. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడకూడదు, ఎదురు రాకూడదు. చెప్పవలసింది ఉంటే తలుపు చాటున నిలబడి పిల్లకు చెబుతున్నట్టు చెప్పాలి. ఆయన కూడా పిల్లకే జవాబు చెబుతారు. మా పాపకు అప్పటికి రెండు మూడు మాటలు కలపడమే కష్టం. అయినా మా ఇద్దరి మధ్య వకీలు అదే.

తలుపు వెనక నిలబడి పాపతో అన్నాను. "అమ్మా, పెద్దబాపుకు చెప్పు. ఏం తింటదో కాదు, నోరెంత ఉన్నదో చూడమను."

పాప "నోరు" అన్నది.

బావగారు తాపీగా, "మీ అమ్మకు చెప్పు తల్లీ, నోరు పెద్దగున్నోళ్ళందరు చెడ్డోళ్ళు కారని" అన్నారు.

దలాన్ అంతా నవ్వింది. మా ఆయన నవ్వు కూడా అందులో వినిపించింది.

కొర్రమట్ట గంగాళంలో మొదటి రోజు ఏమీ తినలేదు, రెండో రోజూ తినలేదు. ఆకలితో మాడిన తర్వాత బావగారు వేసిన పిండి ఉండ నీటి మీద తేలుతుంటే గబుక్కున పైకి వచ్చి నోట్లో వేసుకుంది. చూస్తున్న పెద్దమనుషులు అప్పుడే లేచి, పైపంచెలు సర్దుకుని, శాకాహారి అని ప్రకటించి లోపలికి పోయారు. నేను బాయి దగ్గర పాప బట్టలు ఉతుకుతూ ఇంకా అటే చూస్తున్నాను. వాళ్ళు వెళ్ళగానే ఆ చేప పక్కకు తిరిగి ఉండను ఉమ్మేసింది. ఉండ నీళ్ళలో విడిపోయి తెల్లటి మడ్డిగా అడుక్కు దిగింది. పరీక్ష పెట్టేవాళ్ళు చూస్తున్నంతసేపే నోట్లో ఉంచుకోవాలన్న తెలివి ఆ చేపకు ఉన్నది.

ఈ సంగతి మా అత్తగారితో చెప్పాను. ఆమె మడిబట్ట ఆరేసుకుంటూ, "చదువుకున్నోళ్ళు చేప మింగిందా ఉమ్మిందా గూడ చూస్తరు" అన్నది. మా ఆయనతో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఎందుకు ఫికర్ చేస్తవ్, అన్న చూసుకుంటడు" అన్నారు. మా పెళ్ళయిన నాటి నుంచి నేను ఏ సంగతి చెప్పినా ఆయన ఆలోచించి చివరకు చెప్పే మాట అదే. ఆలోచించడం మాత్రం ఎప్పుడూ మానలేదు.

కొర్రమట్ట పెట్టెలోకి పోయింది. అది మాటిమాటికీ పైకి వచ్చి గాలి పీల్చుకుని కిందికి పోతుంది. ఆ జాతి చేపల తీరే అంత. బావగారు వచ్చినవాళ్ళకు చూపించి, దీపం పెట్టే వేళ అది పైకి వచ్చి దండం పెట్టుకుంటున్నదని చెప్పేవారు. నమ్మనివాళ్ళు మా ఇంటికి రావడం మానుకుంటారు కాబట్టి వచ్చినవాళ్ళందరూ నమ్మేవాళ్ళు.

మొదట పరకలు తగ్గాయి. ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత ఒక ఎర్ర చేప కనబడలేదు. బావగారు పిల్లి అన్నారు, పెట్టె మీద చెక్క మూయించారు. చెక్క మూసిన తర్వాత రెండో ఎర్ర చేప కూడా పోయింది. చెక్క కింద నుంచి పిల్లి ఎట్ల వచ్చిందని ఎవరూ అడగలేదు. మా అత్తగారు ఇది ఆ మొయినాబాదు మనిషి దిష్టి అన్నది. పెట్టెకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టించింది. వాటి కింద కొర్రమట్ట నానాటికీ నున్నగా, బలంగా తయారవుతున్నది. పిండి మహిమ అన్నారు బావగారు.

మిగిలిన రెండు ఎర్ర చేపలు పెట్టె అడుగున ఉన్న రాయి వెనక నుంచి బయటికి రావడం మానేశాయి. మా పాప పీట మీద కూర్చుని, గాజుకు ముక్కు ఆనించి, "ఏది?" అని అడిగేది. నేను రాయి వెనక చూపించేదాన్ని. కనబడేది కాదు. మళ్ళీ "ఏది?" అనేది. నోరు మూసుకునేది. సగం గిన్నె కాస్తా రెండు ముద్దలయింది, తర్వాత అదీ లేదు. నూనె రాస్తుంటే ఎముకలు మళ్ళీ వేళ్ళకు తగలడం మొదలయింది. ఒక రోజు బలవంతంగా పెడితే అంతా కక్కింది.  ఈ పిల్ల ఇట్లాగే సన్నబడి సన్నబడి నా చేతుల్లోంచి జారిపోతుందన్న భయం పట్టుకుంది. ఆ భయంలో ఉన్న నాకు పక్క గదిలో నుంచి, పిండిలో కాస్త బెల్లం కలిపితే చేపకు ఇంకా మంచిదా అన్న చర్చ వినిపిస్తూ ఉండేది.

ఆ మరుసటి పొద్దున బావగారు దుకాణానికి ఇంకా పోలేదు. పాపను తొడ మీద కూర్చోబెట్టుకుని, చెక్క తీసి, తన చేతులతో పిండి వేస్తున్నారు. ఆయనకు పాప అంటే ప్రాణమే, ఆ మాట కాదనను. మా ఆయన పక్కన నిలబడి ఉన్నారు. నేను తలుపు వెనక గిన్నె పట్టుకుని ఉన్నాను. రాయి వెనక నుంచి, ఆకలికి ఆగలేక, ఒక ఎర్ర చేప పిండి కోసం పైకి వచ్చింది. నీళ్ళలో నల్లటి మెలిక ఒకటి తిరిగింది. ఎర్రది లేదు. కొర్రమట్ట నోటి పక్కన తోక ముక్క ఒక్క క్షణం ఆడి లోపలికి పోయింది.

 పాప వేలు పెట్టి చూపించింది.

"పెద్దశాప బువ్వ తిన్నది."

దానికి అప్పటి వరకు అంత పెద్ద మాట రాదు. నేను తలుపు వెనక నుంచి అన్నాను. "అమ్మా, పెద్దబాపును అడుగు. ఇప్పుడన్న ఆ కొర్రమట్టను తీయించమను."

బావగారు వేళ్ళకంటిన పిండి పంచెకు తుడుచుకున్నారు. తర్వాత పాపకు, ఒక్కొక్క మాటే తూచినట్టు చెప్పారు.

"మీ అమ్మకు చెప్పు తల్లీ. అది తినలే. ఆ ఎర్రదే పిండికని వచ్చి దాని నోట్లకు పోయింది."

మా ఆయన ఆలోచించి, "అయ్యుంటది" అన్నారు.

నేను గిన్నె కింద పెట్టాను. కొంగు తల మీదికి లాక్కుని గడప దాటి దలాన్‌లోకి నడిచాను. ఆ ఇంట్లో నేను ఆయన ఎదుటికి రావడం అదే మొదలు. తమ్ముడి భార్య ఎదురొస్తే పెద్దమనిషి మొహం తిప్పుకోవాలి. బావగారు పాపను ఎత్తుకుని గబగబా గోడ వైపు తిరిగారు. గోడకు మొహం పెట్టిన మనిషి నన్ను ఎట్ల ఆపుతాడు? ఆ మర్యాద అన్నేళ్ళలో నాకు మొదటిసారి పనికొచ్చింది. చెంబు తీసుకుని, మోచేతి దాకా నీళ్ళలో పెట్టి, రాయి జరిపి, మిగిలిన ఒక్క ఎర్ర చేపను పట్టాను. నాకు తొందరేమీ లేదు. రెండుసార్లు తప్పించుకుంది. ఆయన గోడనే చూస్తూ నిలబడ్డారు. మా ఆయన ఎటు తిరగాలో తెలియక అటూ ఇటూ చూశారు.

ముగ్గు గీత తొక్కుకుంటూ పెరట్లోకి పోయి, ఆ చేపను పరీక్షల గంగాళంలో వేశాను. మా అత్తగారు గడప దగ్గర నిలబడి, "తల మీది నుంచి నీళ్ళు పోసుకోనిదే లోపలికి రాకు" అన్నది. పోసుకున్నాను. నా మాటకు వచ్చిన జవాబుల్లోకెల్లా న్యాయమైనది అదే.

ఇప్పుడు ఆ గంగాళం బాయి గట్టు నీడన ఉన్నది. అందులో ఒక్క ఎర్ర చేప. దానికి తోడు తేవాలని కూడా నేను అనుకోలేదు. తగిన తోడు దొరికినప్పుడు చూస్తాను. మొదటి రెండు రోజులు పాప గంగాళం అంచు పట్టుకుని ఊరికే చూసింది. మూడో రోజు చేప పైకి వచ్చి నోరు తెరిచింది. నేను గిన్నె చేతిలో పట్టుకుని ఉన్నాను. పాప తెరిచింది.

దలాన్‌లో కొర్రమట్ట ఒంటరిగా ఏలుతున్నది. ఇప్పటికీ వచ్చినవాళ్ళ ముందు పిండి ఉండ వేస్తారు. అది నోట్లో పెట్టుకుంటుంది, వాళ్ళు మెచ్చుకుంటారు. గండిపేట మనిషి మాత్రం వారం వారం తడిగుడ్డ కప్పిన కుండ తెస్తున్నాడు. పెట్టెలో నీళ్ళు మార్చడానికట. నీళ్ళు మా బాయిలో లేవా అని నేను అడగలేదు. కుండ తెచ్చినప్పుడు లోపల పరకలు టపటపా కొట్టుకుంటూ ఉంటాయి. పోయేటప్పుడు చప్పుడు ఉండదు. అత్తగారికి ఆ చప్పుడు వినిపించదు, ఆమె చెవులు ఆ పూటకు మొద్దుబారుతాయి.

మొన్న మొయినాబాదు పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. నేను పెరట్లో గంగాళం దగ్గర గిన్నె పట్టుకుని కూర్చుని వింటున్నాను. బావగారు పాపను చంకన వేసుకుని పెట్టె ముందుకు తీసుకుపోయారు. దాని బుగ్గలు ఇప్పుడు చూపించుకోదగ్గట్టు ఉన్నాయి. పిల్ల కూడా తన పిండి మహిమే అన్నట్టు ఎత్తుకుని, మురిపెంగా అడిగారు.

"చెప్పు తల్లీ, మన చేప ఏం తింటది?"

"ఎర్రశాప" అన్నది మా పాప.

దలాన్‌లో నవ్వు వినిపించలేదు. పల్లీల వ్యాపారి దగ్గు మాత్రం వినిపించింది. బావగారు పాపను దింపినట్టున్నారు, అది ముగ్గు గీత మీదుగా తప్పటడుగులు వేసుకుంటూ పెరట్లోకి వచ్చి, గంగాళం పక్కన చతికిలబడి, నా వైపు తిరిగి నోరు తెరిచింది. నేను ముద్ద కలిపి పెట్టాను.